జెరోమ్ చెప్పిన ఐదేళ్ళు

కిందటి వారం జూలియాను జెరోమ్ ఇంటి గుమ్మంలో వదిలేశాం. కోలారు బంగారు గనుల ఊరు ఊరిగాం చర్చిలో ఆదివారం పూజ ముగిసి గంటయింది. ఆమె ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది. చేతిలో తమ్ముడు ప్రిన్స్ పేర వచ్చిన ఉత్తరం ఉంది. బెంగళూరులో భూమి కింద రైలు కోసం సొరంగం తవ్వే కంపెనీ ఒకటి అతన్ని సర్వే పనికి రమ్మంది. రేపు సోమవారం పొద్దున తొమ్మిదికల్లా చేరాలి. ప్రిన్స్ పోనన్నాడు. "ఈ ఏడు గని తెరుస్తారని జెరోమ్ మామ చెప్పినాడు. తెరిచినాక ఈడనే సర్వే తెలిసినోళ్ళు కావల్ల గదా," అని ఉత్తరం మడిచి పెట్టేశాడు. దాన్ని జూలియా తీసుకుంది.

జెరోమ్‌కు అరవై ఎనిమిదేళ్ళు. గనులు నడిచిన కాలంలో కంపెనీ ల్యాబులో పని చేశాడు. గనిలోంచి వచ్చిన రాయిని పొడి చేసి, కరిగించి, టన్నుకు ఎంత బంగారం ఉందో చెప్పడం ఆయన పని. రెండువేల ఒకటిలో గనులు మూసేసినప్పుడు ఊరంతా హాల్లో చేరి ఏడుస్తుంటే లేచి మాట్లాడినవాడు ఆయనొక్కడే. దిబ్బలుగా పోసిన ఇసుకలో ఇంకా బంగారం ఉందనీ, రాయిని తినే సూక్ష్మజీవులను పెంచి దాన్ని బయటికి తీసే పద్ధతి వస్తోందనీ, ఐదేళ్ళలో మళ్ళీ గని సైరన్ మోగుతుందనీ చెప్పాడు. సూక్ష్మజీవి అన్న మాట ఎవరి నోటా నిలవలేదు. జనం దాన్ని జెరోమ్ పురుగు అన్నారు. ఆ పురుగు మీద నమ్మకంతో ఎన్నో కుటుంబాలు పెట్టె సర్దుకోవడం మానేశాయి. జూలియా తండ్రి ఆంథోనీ కుటుంబం వాటిలో ఒకటి.

ఇది రెండువేల పన్నెండు.

"రా జూలీ, కూర్చో," అన్నాడు జెరోమ్. ఆయన భార్య పోయి నాలుగేళ్ళయింది. పొయ్యి మీద ఒక్క మనిషికి సరిపడా అన్నం ఉడుకుతోంది. "కాఫీ పెడతాను ఉండు."

"కాఫీ వద్దు మామా. ఇది చదువు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"మంచి పనే," అన్నాడు.

"వాడు పోనంటా ఉండాడు."

"ఏంటికి?"

"ఏంటికని నన్ను అడగతావా? నువ్వు చెప్పినావంట, ఈ ఏడు గనికి టెండరు వస్తాదని."

జెరోమ్ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి అంచులు సరిచేశాడు. తర్వాత ఎప్పుడూ చెప్పే మాటలే మొదలుపెట్టాడు. ఆఫ్రికాలో ఈ పద్ధతితో గనులు నడుస్తున్నాయన్నాడు. బంగారం ధర పెరిగింది కాబట్టి గవర్నమెంటు ఇంక ఊరుకోదన్నాడు. పేపర్లో వచ్చిన ముక్క చూపించడానికి లేవబోయాడు. జూలియా ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఆ పాఠం నాకు కంఠతా వస్తాది మామా. రెండువేల ఒకటిలో ఐదేళ్ళన్నావు. మా నాయన పోయినాక ఇంగ మూడేళ్ళన్నావు. నాకు హాస్పిటల్లో పని దొరికి, వాళ్ళు ఉండేదానికి రూములు ఇస్తామన్నప్పుడు, అమ్మను, వీన్ని పిలుచుకొని బెంగళూరికి పోతానని నీ దగ్గరికే వచ్చినాను. ఇంగ ఒక ఏడు చూడు అన్నావు. చూసినాను. నాలుగేండ్లయింది. తెల్లారి నాలుక్కి లేచి రైలెక్కతా ఉండాను, రాత్రి ఎనిమిదికి దిగతా ఉండాను. అదంతా పోనీ. ఒకటే అడగతాను. పేపర్లో వచ్చింది కాదు, నీ కండ్లతో చూసింది చెప్పు. ఆ పురుగు ఈ ఇసుకలోంచి గింజంత బంగారమన్నా తీసిందా?"

అన్నం పొంగి గిన్నె మూత కదిలింది. జూలియానే పోయి మంట తగ్గించి వచ్చింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"తీయలేదు," అన్నాడు.

"ఎవరన్నా చేసి చూసినారా?"

"నేనే చేసినాను."

ఆ సంగతి ఆయన మొదటిసారి చెప్పాడు. మూసేసిన రెండేళ్ళకు బెంగళూరులోని ఒక ల్యాబువాళ్ళు వచ్చి దిబ్బ ఇసుకను పన్నెండు డ్రమ్ముల్లో నింపారు. వాటిని ఊరిగాంలోనే ఒక రేకుల షెడ్డులో ఉంచి, చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలని జెరోమ్‌ను పెట్టుకున్నారు. తొంభై రోజుల పని. సూక్ష్మజీవులు కలిపిన నీళ్ళు సీసాల్లో వచ్చాయి. జెరోమ్ రోజుకు మూడుసార్లు డ్రమ్ములు కలిపేవాడు. నీళ్ళలో ఆమ్లం పులుపు ఎంతుందో రంగు మారే కాగితంతో చూసి పుస్తకంలో రాసేవాడు. సూక్ష్మజీవులు పని చేస్తుంటే నీళ్ళు ఎర్రబడాలి. మొదటి వారం రెండు డ్రమ్ముల్లో లేతగా ఎరుపు తిరిగింది.

"ఆ పొద్దు నేను షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చోని ప్రార్థన చేసినాను జూలీ. ఇంటికొచ్చి మీ అత్తకు చెప్తే పాయసం చేసింది."

మూడో వారానికి ఆ ఎరుపు పోయింది. మిగతా డ్రమ్ములు అసలు మారనేలేదు. చలికి అనుకుని డ్రమ్ముల చుట్టూ గోనెసంచులు కట్టాడు. కొత్త సీసాలు తెప్పించి పోశాడు. వాటిలోని జీవులూ చచ్చిపోయాయి. వంద ఏళ్ళపాటు ఆ ఇసుకలోంచి బంగారం తీయడానికి కంపెనీ సైనైడ్ పోసింది. దాని మిగులు ఇసుకలో ఇంకా ఉంది. ఆ విషంలో ఏ సూక్ష్మజీవీ బతకలేదు. ఇసుకను ముందు కడిగి ప్రయత్నించొచ్చు గానీ, అంత నీళ్ళు కోలారు జిల్లాలో లేవు. తొంభై రోజులు పూర్తయ్యాక వచ్చిన ఉత్తరంలో ఆ సంగతే నాలుగు ముక్కల్లో రాసి, డ్రమ్ములు ఖాళీ చేసి తాళం ఇచ్చేయమన్నారు.

"అంటే తొమ్మిదేండ్లుగా నీకు తెలుసు," అంది జూలియా.

"తెలుసు."

"తెలిసీ చెప్పినావు."

"ఊ."

"ఎవురికన్నా చెప్పినావా ఈ మాట?"

"ఒక్కనికి చెప్పినాను. మీ నాయనకు."

జూలియా అప్పటిదాకా నిలబడే ఉంది. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆంథోనీ గనిలో రాతికి రంధ్రాలు వేసే డ్రిల్లర్. ఇరవై ఆరేళ్ళు రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. చివరి రెండేళ్ళు ఇంటి ముందు మంచం మీదే గడిపాడు. పది అడుగులు నడిస్తే దగ్గుతో వంగిపోయేవాడు. జెరోమ్ ఆ ల్యాబు ఉత్తరం తీసుకుని నేరుగా ఆ మంచం దగ్గరికే పోయాడు.

"మీ నాయనకు ఇంగ్లీషు రాదు గదా. నేనే చదివి చెప్పినాను. వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. పక్కింటోళ్ళు వింటారేమో చూడు అన్నాడు. నీకు గుర్తుండాదా, అప్పుడు ప్రిన్స్ ఎట్లుండినాడో?"

ఆమెకు గుర్తుంది. పదిహేడేళ్ళ ప్రిన్స్ కాలేజీ మానేసి, మూతపడిన కంపెనీ షెడ్ల ఇనుము విప్పుకుపోయే వాళ్ళతో తిరిగేవాడు. ఒకసారి పోలీసులు కొట్టి పంపితే నాలుగు రోజులు బోర్లా పడుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో ఏమో, జెరోమ్ మామ దగ్గర కూర్చుని గనుల గురించి వినడం మొదలుపెట్టాడు. మైనింగ్ డిప్లొమా చదువుతానన్నాడు. ఇంట్లో అందరూ అది దేవుడి దయ అనుకున్నారు.

"మీ నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు నీ మాట మీదనే చదువుకు పోతా ఉండాడు జెరోమ్, ఇది వాని చెవిన పడితే మళ్ళీ ఇనుము దొంగల్లోకి పోతాడు, చంపేస్తారు వాన్ని అన్నాడు. డిప్లొమా ముగిసేదాకా ఆ పురుగును బతికించు అన్నాడు."

"నేను ఆ ఇంట్లోనే ఉంటిని గదా. నాకేంటికి చెప్పలేదు?"

"నువ్వు నమ్మితేనే వాడు నమ్ముతాడని మీ నాయనే వద్దన్నాడు."

తండ్రి పోయిన రోజు ఆయన తల జూలియా ఒడిలోనే ఉంది. ఆయన చివరి వారంలో ఎన్నో చెప్పాడు. కోళ్ళ గూటికి కొత్త తలుపు పెట్టించమన్నాడు. అమ్మ బీపీ మాత్రలు మరవద్దన్నాడు. ఈ మాట మాత్రం చెప్పలేదు.

"సరే, డిప్లొమా ముగిసింది," అంది జూలియా. "రెండువేల ఏడులో ముగిసింది. అప్పుడు చెప్పుండచ్చు గదా?"

"చెప్పల్లనే వచ్చినాను. వాడు సర్టిఫికెట్ తెచ్చి నా కాళ్ళకు మొక్కినాడు. మామా, నువ్వు లేకుంటే నేను జైల్లో ఉండేవాన్ని అన్నాడు. నాకు నోరు రాలేదు. మళ్ళీ రెండు తూర్లు వచ్చినాను. ఒక తూరి వానికి జ్వరం. ఇంగొక తూరి వాకిట్లో చెప్పులు విడిచి, మళ్ళీ వేసుకొని వచ్చేసినాను."

"వట్టి భయమేనా?"

జెరోమ్ తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో తెలియలేదు.

"నీ దగ్గర దాచేదేముండాది. దావలో పోతా ఉంటే నలుగురు నిలబెట్టి అడగతారు, జెరోమ్ సార్, ఏమన్నా తెలిసిందా అని. పెన్షన్ తీసుకొనే ముసలోళ్ళు ఊరినిండా ఉండారు. నన్ను మాత్రం సార్ అంటారు. ఆ మాట పోతే నాకింగ ఏమీ లేదు. కొన్ని రోజులు నేనే నమ్మేస్తాను. ఇంగో పద్ధతి కనిపెడతారులే, నేను చెప్పింది అబద్ధమైపోదులే అనుకుంటాను. పొద్దున లేస్తే ఆ డ్రమ్ములు గుర్తొస్తాయి."

ఆయన గొంతులో ఏడుపు లేదు. అదే జూలియాకు భరించరానిదిగా ఉంది. తిట్టడానికి ఎన్నో మాటలు మోసుకుని వచ్చిందామె. ఒక్కటీ పనికి రాలేదు. తిట్టాల్సిన ఇద్దరిలో ఒకడు మట్టిలో ఉన్నాడు. రెండోవాడు ఎదురుగా బనియన్‌తో కూర్చుని, పొయ్యి ఆర్పాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు.

ఆమే పొయ్యి ఆర్పింది.

"లే మామా. షర్టు వేసుకో. వాడు రేపు ఆరు గంటల రైలెక్కల్ల. ఇప్పుడు నాకు చెప్పినట్టే వానికీ చెప్పు."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

ఇద్దరూ బయటికి వచ్చారు. గాలి కాలం మొదలైంది. దిబ్బల మీది తెల్లటి దుమ్ము లేచి వరసగా ఉన్న రేకుల ఇళ్ళ మీద పడుతోంది. ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తీస్తున్నారు. ఒకామె జెరోమ్‌ను చూసి నమస్కారం పెట్టింది. ఆయన చెయ్యి ఎత్తబోయి దించేశాడు.

ప్రిన్స్ ఆదివారం మధ్యాహ్నాలు పాత రీడింగ్ రూములో ఉంటాడు. చుట్టుపక్కల పిల్లలను చేర్చుకుని ఏడాదిగా సర్వే లెక్కలు, ల్యాబు పని నేర్పుతున్నాడు. గని తెరిస్తే ముందు తీసుకునేది తెలిసినవాళ్ళనే అని వాళ్ళకు చెబుతాడు. జూలియాకు అది తెలుసు. తమ్ముడు ఇరవై ఆరేళ్ళకు ఖాళీగా కూర్చోకుండా ఏదో ఒకటి చేస్తున్నాడని సంతోషించింది కూడా.

వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల షర్టు వేసుకున్నాడు. వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది.

"మామా, నీ ఇంటికే బయలుదేరినాను. మంచిదయింది నువ్వే వస్తివి. లోపల..." అని, అక్క ముఖం చూసి ఆగాడు.

"మామ ఏదో చెప్తాడు. విను," అంది జూలియా.

జెరోమ్ చెప్పాడు. డ్రమ్ముల సంగతి, ఉత్తరం సంగతి అంతా చెప్పాడు. ఆంథోనీ మాట దగ్గర తడబడితే జూలియా అందుకుని పూర్తి చేసింది. ప్రిన్స్ వేళ్ళకున్న సుద్దను ఒక్కొక్క వేలి మీద నుంచి తుడుచుకుంటూ విన్నాడు. ఆమె అనుకున్నట్టు కేకలు వేయలేదు.

"నాయనకు తెలుసునా?" అని మాత్రం అడిగాడు.

"తెలుసు," అన్నాడు జెరోమ్.

"నన్ను చదివించేదానికా?"

"అవును నాయనా."

ప్రిన్స్ వెనక్కి తిరిగి రీడింగ్ రూము కిటికీ వైపు చూశాడు. లోపల ఎవరో గట్టిగా లెక్క చదువుతున్నారు.

"సరే మామా. నాకు చెప్పినావు, చాలు. లోపల ఎవురికీ చెప్పద్దు."

"ఏమి మాట్లాడతా ఉండావు?" అంది జూలియా.

"పద్నాలుగు మంది ఉండారు అక్కా. కొందరు క్యాసంబళ్ళి నుంచి బస్సెక్కి వస్తారు. నేను వాళ్ళకు సార్‌ను. రేపు ఆ సొరంగంలోకి పోతే టేపు పట్టుకొనే కూలోన్ని."

"అది నిజమైన పని. ఇది ఏమీ లేదు."

"ఏమీ లేదని నాకిప్పుడు తెలిసింది. ఇంతసేపు ఉండింది గదా." జెరోమ్ వైపు తిరిగాడు. "మామా, క్యాసంబళ్ళి ఓబలప్ప వచ్చినాడు, కూతురు శశికళను పిలుచుకొని. ఆ పాపకు కోలారులో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. బుధవారం లోపల చేరల్లంట. చేరాల్నా, ఈడనే ల్యాబు పని నేర్చుకోవాల్నా అని నీ నోటితో వినల్లని వచ్చినాడు. నువ్వు లోపలికొచ్చి గని తెరుస్తారని ఒక్క మాట చెప్పి పో. ఇంగ ఎప్పుడూ అడగను."

"ప్రిన్స్, నాకు చేత కాదు."

"తొమ్మిదేండ్లు చేతనయింది గదా. నా కోసం ఒక దినం చెప్పు." అతను మళ్ళీ కిటికీ వైపు చూశాడు. "చెప్పకుంటే ఏమవుతుందో నీకు తెల్దు మామా."

అప్పుడే ఓబలప్ప వాకిట్లోకి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పాల డిపోకు పోయి అట్నుంచి అటే వచ్చినట్టు పంచెకు మట్టి ఉంది. జెరోమ్‌ను చూసి భుజం మీది టవలు తీశాడు.

"రండి అయ్యా. మీ కోసరమే కూర్చోనుండాము."

ఇక నిలబడి మాట్లాడడానికి వీల్లేకపోయింది. జెరోమ్ లోపలికి నడిచాడు. పద్నాలుగు మందీ లేచారు. ముందు బెంచీలో ఇద్దరే ఆడపిల్లలు. వాళ్ళలో సన్నగా, రెండు జడలతో ఉన్న పిల్లను ఓబలప్ప ముందుకు పిలిచాడు. జూలియా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ప్రిన్స్ వాకిలి దగ్గరే ఆగిపోయాడు.

"అయ్యా, మేము రాగులు వేసుకొనేవాళ్ళము, నాలుగు ఆవులు ఉండాయి, అంతే," అన్నాడు ఓబలప్ప. "మాకు ఈ పురుగుల సంగతి తెల్దు. పాప నర్సు చదువు వద్దంటాది. ల్యాబులో కూర్చోని చేసే పని, ఉండే ఊరి పక్కనే వస్తాదని ప్రిన్స్ సార్ చెప్పినాడంట. నాకు మనసు ఒప్పలేదు. పెద్దోరు మీరు ఒక మాట చెప్తే అట్లే చేస్తాము."

జెరోమ్ ఆ పిల్ల వైపు చూశాడు. తర్వాత జూలియా వైపు చూశాడు. జూలియా ఏ సైగా చేయలేదు. తన తండ్రి ఇదే మనిషి చెయ్యి పట్టుకుని అడిగాడని ఆమెకు ఇందాకే తెలిసింది. ఇంకొక తండ్రి అదే మనిషి మాట మీద ఆశ పెట్టుకోవడం చూడలేకపోయింది.

"ఓబలప్పా," అన్నాడు జెరోమ్. "ఆ సీటు వదలద్దు. రేపే పిలుచుకొని పోయి చేర్పించు. ఈడ ల్యాబు రాదు. గని తెరవరు. నేను ఇన్నేండ్లు చెప్పింది జరిగేది కాదు. నాకు ముందే తెలుసు. ఈ పిల్లోళ్ళందరికీ అదే చెప్తా ఉండాను. తప్పు నాది."

వెనక బెంచీలో ఒకడు పక్కవాడిని ఏమన్నాడని తమిళంలో అడిగాడు.

ఓబలప్పకు కోపం రాలేదు. ముఖం తేటపడింది. "బతికిస్తిరి అయ్యా. ఇంగా బుధవారం దాకా టైముండాది. ఏమ్మా, విన్నావు గదా? రేపు పొద్దున బస్సుకే పోదాము."

శశికళ తల వంచుకుని నిలబడింది. తండ్రి మళ్ళీ పిలిస్తే కళ్ళెత్తింది.

"ఆ సీటు లేదు నాయనా."

"లేకుండా యాడికి పోతాది? కాయితం ఇంట్లో ఉండాది గదా."

"కాయితం ఇచ్చేసినాను. శుక్రవారం కోలారికి పోయి, నాకు వద్దని రాసి సంతకం పెట్టినాను. ఆ సీటు వెంటనే ఇంగొక పిల్లకు ఇచ్చేసినారు."

"శుక్రవారం నువ్వు కాలేజీకి పోయినాననింటివే." ఓబలప్ప గొంతు పెరగలేదు. "ఒక్కదానివే పోయినావా? ఎవురు పిలుచుకొని పోయినారు?"

ఆ పిల్ల వాకిలి వైపు చూసింది. ఓబలప్ప అటు తిరిగాడు. జెరోమ్ తిరిగాడు. బెంచీల మీది పిల్లలంతా ఒక్కొక్కరుగా తిరిగారు.

జూలియా అందరికంటే ముందు వాకిట్లోకి వచ్చింది. ప్రిన్స్ నిలబడిన చోట ఎవరూ లేరు. గేటు తెరిచి ఉంది. దుమ్ములో అటు స్టేషన్ దారి గానీ, ఇటు గనిలోకి దిగే మూతపడిన షాఫ్టు దారి గానీ పది అడుగులకు మించి కనిపించడం లేదు.